మెలట్టూరు భాగవతమేళమున పాత్రధారణ

వేషధారణ యనగా ముఖమునకు రంగు పూయుటతో నారంభమగునని సామాన్యముగ తలతురు. తంజావూరు జిల్లాలోని మెలట్టూరున ఈ మాట చెల్లదు. అచ్చట ప్రహ్లాదచరిత్రమున వేషము కట్టువాడు రంగు ముట్టుటకు ఎన్నియో యేండ్ల ముందుగనే నాలుకను సిద్ధపరచుకొనవలయును. నాటకము తెలుగు, నటులలో పెక్కురకు ఇంటిభాష తమిళము. ఈ దూరమును దాటుటయే సాధనలో మొదటి మెట్టు. అన్నిటికంటె కఠినమైనదియు నదియే.

తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు ఈ గ్రామమును బ్రాహ్మణ కుటుంబములకు దానమిచ్చెననియు, అందుచే దీనికి అచ్యుతాపురమను పేరు కలిగెననియు ప్రసిద్ధి. 18వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇచ్చట వెలసిన వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, మార్కండేయ చరిత్రము మున్నగు యక్షగానములను తెలుగున రచించెను. ఆయన త్యాగరాజస్వామికి సమకాలికుడు, వయసున పెద్ద. వైశాఖమున నృసింహజయంతి నాటి రాత్రి వరదరాజస్వామి ఆలయము నెదుట ప్రహ్లాదచరిత్రము నాడుదురు. ప్రేక్షకులలో ప్రథముడు స్వామియే. రంగస్థలము ఆయనకు అభిముఖముగ నుండును.

తమిళలిపిలో వ్రాసికొన్న తెలుగు పాఠమును చదువువానికి వచ్చు చిక్కు చిన్నది కాదు. ఆ లిపిలో క, గలకు అక్షర మొక్కటే. త, దలకును, ప, బలకును అంతే. ‘కాలి’ యనినను ‘గాలి’ యనినను వ్రాత యొక్కటే. ‘పాద’ మనుటయు ‘బాధ’ యనుటయు కంటికి భేదము లేనివే. కన్నకొడుకు కష్టమునకు తల్లడిల్లు లీలావతి నోట ‘బాధ’ పాదమైనచో రసము నిలుచునా? కావున వ్రాతప్రతి జ్ఞాపకమునకు మాత్రమే. పాఠము పెద్దల నోటినుండియే రావలయును. తండ్రి పలుకగా కుమారుడు పలుకును. గణపతిగనో ప్రహ్లాదుడుగనో బాల్యమున రంగమెక్కినవాడు ఇతర పాత్రల మాటలను గూడ ఏటేట వినుచు పెరుగును. నేడు నటులలో పలువురు చెన్నై మొదలగు నగరములందు ఉద్యోగములు చేయుచు, ఉత్సవమునకు సెలవు పెట్టి వచ్చువారు. కొలది దినముల అభ్యాసముతో వారు రాత్రియంతయు ఆడగలుగుటకు ఈ బాల్యశ్రవణమే ఆధారము.

ఉచ్చారణ కుదిరినంత మాత్రమున చాలదు, అర్థము తెలియవలయును. పాత్ర రంగమునకు వచ్చునపుడు గాయకులు ప్రవేశదరువు పాడుదురు. అందు ఆ పాత్ర యెవరో, ఎట్టిదో, ఏ తీరున వచ్చుచున్నదో వర్ణింపబడును. తెర తొలగినవెంటనే హిరణ్యకశిపుడు తన్ను గూర్చి పరులు పాడుచున్న పాటకు తానే అడుగులతోను చూపుతోను సాక్ష్యము చెప్పవలయును. ఏ పదము శౌర్యమును చెప్పుచున్నదో, ఏది గర్వమును సూచించుచున్నదో తెలియని నటుని హస్తము తాళమునకు సరిపోవచ్చును గాని మాటకు సరిపోదు. సంధివచనములు, ద్విపదలు, దరువులు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండ, పాటనుండి మాటకును, మాటనుండి నృత్యమునకును ఊపిరి చెడకుండ మారుట మఱియొక శ్రమ.

స్త్రీపాత్రలను పురుషులే ధరించుట ఇచ్చటి సంప్రదాయము. లీలావతి పాత్రకు చీరకట్టు, నగలు, జడ సమకూర్చుట గడియల పని. నడకను మార్చుట ఏండ్ల పని. ఆమె ఒకవైపు భర్త ఆజ్ఞకు లోబడినది, మఱియొకవైపు కుమారుని ప్రాణమునకై వేడుకొనునది. ఈ రెండు భావములు ఒక్క ముఖముననే కనబడవలయును. ఆడుదానివలె నడచుట నేర్చిన వాడెల్ల లీలావతి కాజాలడు. తల్లి యనిపించుకొన్నవాడే లీలావతి.

నరసింహ పాత్రకు సన్నాహము వేరు. ఆ పాత్రధారి ఆ దినమున ఉపవాసముండును. నరసింహుని పెట్టుడు మొగము వేషసామగ్రిలో చేరినది కాదు. అది పూజలందుకొను మూర్తి. దానిని ధరించిన పిదప నటుడు ఆవేశపూర్ణుడగును. పలువురు పట్టుకొని నిలుపవలసివచ్చును. ఇతర పాత్రలను సాధించువాడు తన్ను తాను అదుపులో నుంచుకొనుట నేర్చును. ఇచ్చట మాత్రము ఆ అదుపును ఇతరుల చేతికిచ్చుటకు సిద్ధపడవలయును. ఎదుట నిలిచిన హిరణ్యకశిపుడు రాత్రియంతయు గర్జించి అలసియున్నను, ఎంత దూరమున మెలగవలయునో మరువరాదు. అతని సాధనలో నిదియు నొక భాగమే.