బేస్ గిటారు నాబు బిగుసుకుందా? లాగే ముందు కొలవండి

పావగడ నుంచి తుమకూరు దాదాపు వంద కిలోమీటర్లు. అక్కణ్ణుంచి బెంగళూరు ఇంకో డెబ్బై. పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో చర్చిలోనో బేస్ గిటారు వాయించేవాళ్ళు, నాబు బిగుసుకుంటే ఆ దూరం తలుచుకుని అలాగే నెట్టుకొస్తారు. లేదంటే కటింగ్ ప్లేయరుతో పట్టి మెలిపెడతారు. ఈ రెండోది మరీ చెడ్డది. నాబు ఇంట్లోనే మార్చుకోవచ్చు, కాకపోతే కొన్ని అంకెలు తెలిసి ఉండాలి.

ముందు బిగుసుకున్నదేదో తేల్చుకోండి. వేళ్ళతో తిప్పే బిళ్ల నాబు. అది తొడిగి ఉన్న కడ్డీ షాఫ్టు. దాని కింద గిటారు లోపలుండే చిన్న డబ్బా పొటెన్షియోమీటరు, అంటే కరెంటు దారిలో అడ్డును పెంచి తగ్గించే భాగం. రేడియో మెకానిక్కులు దాన్నే వాల్యూమ్ కంట్రోల్ అంటారు. అది దాదాపు 300 డిగ్రీలే తిరుగుతుంది: గడియారంలో ఏడు దగ్గర మొదలై ఐదు దగ్గర ఆగాలి. ఆగకుండా తిరుగుతుంటే నాబు షాఫ్టు మీద జారుతోందన్నమాట, లేదా లోపల డబ్బాయే తిరుగుతూ తీగల్ని మెలిపెడుతోంది. డబ్బా తిరుగుతుంటే వాయించడం ఆపి, దాన్ని పట్టి ఉంచే నట్టు బిగించాలి.

మన దగ్గర గాలిలో తేమే తక్కువ, నాబు బిగుసుకునేంత తుప్పెలా పడుతుందంటారా? చెమట వల్ల. అందులోని ఉప్పు నాబు పక్కనుండే చిన్న స్క్రూను తినేస్తుంది. దానికి దుమ్ము తోడు. తిరుమణి దగ్గరి 2,050 మెగావాట్ల సోలార్ పార్కులో పలకల మీది దుమ్ము వదిలించడానికి మనుషులూ యంత్రాలూ ఉన్నాయి గానీ, గిటారు నాబు సందును ఎవరు చూస్తారు?

టార్చి వేసి నాబు చుట్టూ చూడండి. పక్కన సన్న రంధ్రం కనిపిస్తే లోపల స్క్రూ ఉంది, దాన్ని వదులు చేయకుండా లాగకూడదు. దానికి పట్టే అలెన్ కీ, అంటే ఆరు పలకల తాళంచెవి, సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు. అమెరికా కొలతదైతే అంగుళంలో పదహారో వంతు, 1.59 మి.మీ. తేడా ఒక జిరాక్స్ కాగితం మందం. ఇంతేనా అనుకోకండి. చిన్న కీ పెట్టి బలం చేస్తే లోపలి మూలలు అరిగి గుండ్రమైపోతాయి, ఆ తర్వాత ఏ కీ పట్టదు. తుప్పు వదిలించే నూనెను అగ్గిపుల్లతో ఒక్క చుక్క పెట్టి రాత్రంతా వదిలేయండి. స్ప్రే నేరుగా కొడితే పొటెన్షియోమీటరులోకి దిగుతుంది.

రంధ్రం లేకపోతే అది నొక్కి తొడిగిన నాబు. పలుచని నూలుగుడ్డను నాబు కింద చుట్టూ దూర్చి, రెండు కొసలూ కలిపి మెలేసి, నిటారుగా పైకి లాగండి. పక్కకు వంచితే షాఫ్టు విరుగుతుంది.

ఇక కొత్తది కొనడం. చిక్కంతా ఇక్కడే. 1951లో లియో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు కొలతలు అంగుళాల్లో ఉండేవి. తర్వాత ఆసియా దేశాల్లో తయారైనవి మిల్లీమీటర్లలోకి మారాయి. అందుకే స్క్రూ నాబుల్లో కొన్నిటి రంధ్రం పావు అంగుళం, అంటే 6.35 మి.మీ., కొన్నిటిది 6 మి.మీ. తేడా మూడున్నర కాగితాలు. పెద్ద షాఫ్టుకు చిన్న నాబు ఎక్కనే ఎక్కదు, చిన్నదానికి పెద్దది పెడితే వంకరగా ఊగుతుంది. మామూలు స్కేలు ఈ తేడా పట్టలేదు. పీయూసీ ఫిజిక్స్ ల్యాబులో ఉండే వెర్నియర్ కాలిపర్స్ 0.1 మి.మీ. దాకా చూపిస్తుంది, అది చాలు.

నొక్కి తొడిగే రకానికి ఇంకో లెక్క ఉంది. షాఫ్టు కొస రెండుగా చీలి, చుట్టూ పళ్ళుంటాయి. మిల్లీమీటరు రకానికి 18, అమెరికా రకానికి 24. ఫోనుతో దగ్గరగా ఫోటో తీసి, పెద్దది చేసి లెక్కపెట్టండి. అంగడివాడు "ఏదైనా పడుతుంది సార్" అంటే నమ్మొద్దు.

నాబు ఊడివచ్చాక కూడా షాఫ్టు కదలకపోతే పొటెన్షియోమీటరే మార్చాలి. దాని వీపు మీద అంకె ఉంటుంది. బ్యాటరీ లేని గిటారుకు ఎక్కువగా 250కె, అంటే రెండున్నర లక్షల ఓమ్‌లు. బ్యాటరీ ఉన్నవాటిలో తరచు 25కె. బ్యాటరీ లేనిదానికి 25కె వేస్తే శబ్దం మూసుకుపోయినట్టు వస్తుంది. అంకె ముందున్న ఏ, బి అక్షరం కూడా రాసుకోండి, తిప్పినకొద్దీ శబ్దం ఎలా పెరగాలో చెప్పేది అదే. గిటారుకు పొటెన్షియోమీటరు దూరే రంధ్రం కూడా కొలవండి. అమెరికా రకం పొటెన్షియోమీటరు మెడకు, అంటే నట్టు ఎక్కే భాగానికి, దాదాపు 9.5 మి.మీ. కావాలి, చిన్న రకానికి 7 చాలు.

విడిభాగాలు కొనడానికి బెంగళూరు ఎస్.పి.రోడ్డుకు వెళ్ళేవాళ్ళెవరికైనా ఈ కొలతలు చీటీ రాసిచ్చి, పాత నాబు కూడా చేతికివ్వండి. టంకం పెట్టడం రాకపోతే ఊళ్ళో యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణానికి ఇవ్వండి, వాళ్ళకిది చిన్న పని. తీగలు విప్పకముందు మాత్రం ఫోటో తీసుకోండి.