ఏడు పత్రముల చిత్రసంపుటి

చాకలిపద్దునుండి ఒక కళ పుట్టినదని చెప్పిన సోదరీమణులు నవ్వుదురేమో! కాని శిలాముద్రణ చరిత్ర మట్లే చెప్పబడుచున్నది. 1796వ సంవత్సరమున జర్మనీదేశమందలి మ్యూనిచ్ నగరమున, బట్టలు గొనిపోవ వచ్చిన స్త్రీ వాకిట వేచియుండగా, అలాయిస్ సెనెఫెల్డరు అను యువకుని తల్లి పద్దు వ్రాయుమని కుమారుని కోరెను. ఇంట కాగితపుముక్కయైన లేదు. అతడు చేరువనున్న సున్నపురాతి పలకపై మైనము, సబ్బు, దీపపుమసి కలిపిన సిరాతో ఆ పద్దు వ్రాసెను. ఆ వ్రాతనుండియే రాతిపై అచ్చువేయు నుపాయము తనకు తోచినదని పిమ్మట అతడే తన గ్రంథమున చెప్పుకొనెను.

నూనెయు నీరును కలియవను సంగతి వంటయింట మెలగు మనకు క్రొత్తది కాదు. ఈ విద్యకు మూలమదియే. రాతిపై జిడ్డుగల కణికతో బొమ్మ గీసి రాతిని తడిపినచో, గీతలు నీటిని గ్రహింపవు. తరువాత సిరా పూసిన, ఆ గీతలే దానిని పట్టుకొనును, తడిచోటులు విడిచివేయును. కాగితము నదిమినచో బొమ్మ దిగును. రవివర్మగారి లక్ష్మీసరస్వతుల పటములు మన యిండ్ల గోడల కెక్కినది యీ విద్యవలననే.

ఇట్టి శిలాముద్రణచిత్రములు ఏడింటితో "ఏడు ఆర్పాడెన్" అను సంపుటి 1923లో జర్మనీలోని హానోవరు పట్టణమున వెలువడెను. చిత్రకారుడు హాన్స్ ఆర్ప్. ప్రకటించినవాడు అతని మిత్రుడు కుర్ట్ ష్విట్టర్సు. అచ్చొత్తినవి 50 ప్రతులు మాత్రమే. అందలి బొమ్మలేవన: మీసముగల టోపీ, సముద్రము, నాభి, నాభిగల సీసా, మీసముగల గడియారము, గ్రుడ్లు గిలకొట్టు కవ్వము, అరబ్బీ ఎనిమిది అంకె! మబ్బుతునకలవలె వంపులు తిరిగిన ఆ రూపములను చూచి ఇది ఫలానా యని నిర్ణయించుట కష్టము.

ఇదేమి కళ యని యడుగుట సహజము. దీనికి దాదా యని పేరు. మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగా, 1916 ఫిబ్రవరిలో, యుద్ధమున చేరని స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున హ్యూగో బాల్, ఎమ్మీ హెన్నింగ్సు అనువారు నెలకొల్పిన వినోదశాలలో ఇది పుట్టెను. ఆర్పును ఆ కూటమిలోనివాడే. తర్కము, శాస్త్రము, నాగరికత యని గొప్పలు చెప్పుకొన్న రాజ్యములే లక్షలకొలది బిడ్డలను ఫిరంగులకు బలియిచ్చుచుండ, అట్టి తర్కము మాకు వలదని వీరు పిచ్చివారివలె నవ్విరి. గర్భశోకమన నేమో యెఱిగిన తల్లులకు ఆ నవ్వులోని కన్నీరు తెలియకపోదు.

ఈ సంపుటి వెలువడిన యేటనే జర్మనీ నాణెము విలువ అడుగంటెను. నవంబరు నాటికి ఒక డాలరునకు 4,20,000 కోట్ల మార్కు లీయవలసివచ్చెను. ప్రభుత్వము అచ్చొత్తిన కాగితము చిత్తయ్యెను. నవ్వులాటకు అచ్చొత్తిన కాగితము నేడు ధనవంతులు వెదకు వస్తువయ్యెను!

అది నిలుచుటయు సులభముగ జరుగలేదు. 1937లో హిట్లరు ప్రభుత్వము మ్యూనిచ్ నగరమున దాదా చిత్రములను భ్రష్టకళ యని ప్రదర్శించి అవమానించెను. ఆ దినములలో హన్నా హోఖ్ అను చిత్రకారిణి, 1939లో బెర్లిను శివారున చిన్న యిల్లు సంపాదించి, మిత్రుల చిత్రములను, ఉత్తరములను, పత్రికలను అందు దాచి కాపాడెను. ఈమె పూర్వము పదేండ్లపాటు ఒక ప్రచురణసంస్థలో పనిచేసి, స్త్రీలపత్రికలకు కుట్టుపనుల నమూనాలు గీసియిచ్చినది. చిన్న గుడ్డముక్కనైన పాఱవేయని ఆ చేతికి దాచుట తెలిసియుండుటలో వింతలేదు.

ఇట్టి సంపుటి అమ్మకమునకు వచ్చినప్పుడు, అరుదైనదని వ్యాపారులు చాటుదురు. సత్యమే. కాని సంపుటిని విప్పి పత్రముల నొక్కొక్కటిగా అమ్మిన లాభ మధికమను నాశయు కొందఱికి కలదు. ఇది తగని పని. సప్తస్వరములలో ఒక్కటి తొలగిన రాగమెట్లుండును? కనుక కొనువారు ఏడు పత్రములు నున్నవా, వానిని పొదిగిన అట్ట యున్నదా, అంచులు కత్తిరింపబడలేదు గదా యని మొదట చూడవలెను. విడిపోయిన ప్రతి తిరిగి యొకటగుట మిక్కిలి దుర్లభము, ఉన్నవే 50.

మన పెట్టెలలోను పెద్దలనాటి పటములు, జాబుల కట్టలు కొన్ని యుండకపోవు. వెల తెలిసినపిదప దాచుద మనుకొన్నచో, అప్పటికి దాచుట కేమియు మిగులదు.