4096 అంటే ఒకటి

నోకియా ఎన్-గేజ్‌ని చూసి నవ్వనివాళ్లు తక్కువ. మాట్లాడాలంటే ఫోన్‌ని అంచు మీద నిలబెట్టి చెవికి ఆనించుకోవాలి, గేమ్ కార్డు మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి. 2003 నాటి ఆ ఫోన్ మీదే టూంబ్ రైడర్ ఆట నాయిక లారా క్రాఫ్ట్ గుహల్లో గెంతింది. 104 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్, 176×208 పిక్సెళ్ల తెర. గ్రాఫిక్స్‌కి విడిగా చిప్ లేదు. దశాంశాల లెక్కలు చేసే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ అసలే లేదు. ఆ ఆటని అందులోకి దించింది లండన్‌లోని ఐడియావర్క్స్3డీ అనే స్టూడియో. వాళ్లు సొంత అవసరానికి రాసుకున్న ఇంజినే తర్వాత ఎయిర్‌ప్లేగా, ఆ పైన మార్మలేడ్‌గా బజారుకొచ్చింది.

క్లాసులో ఈ సంగతి చెబితే ఒక కుర్రాడు అడిగాడు: “పాయింటే లేకుండా త్రీడీ ఎట్లా సార్? సైను, కొసైను అన్నీ ఒకటి లోపలే కదా?”

సరైన చోటే పట్టుకున్నాడు. రూపాయిన్నరని 150 పైసలుగా రాసుకుంటే పాయింటుతో పని ఉండదు. ఈ ఇంజిన్ చేసిందీ అదే, కాకపోతే దాని రూపాయికి 4096 పైసలు. ఒకటి అంటే 4096, ఒకటిన్నర అంటే 6144, రెండున్నర అంటే 10,240. కూడికలు, తీసివేతలు మామూలే. గుణకారంలోనే తమాషా. 6144ని 10,240తో గుణిస్తే 6,29,14,560 వస్తుంది. రెండు సంఖ్యల్లోనూ 4096 కలిసి ఉంది కాబట్టి ఒకసారి తీసేయాలి. భాగిస్తే 15,360, అంటే మూడుముప్పావు. వంద కాకుండా 4096 ఎందుకంటే అది రెండుని పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. దాంతో భాగించడమంటే బిట్లని పన్నెండు స్థానాలు కుడికి జరపడమే. ఆర్మ్‌లో ఆ జరపడాన్ని కూడికతో పాటు ఒకే ఆదేశంలో చేయించుకోవచ్చు. సైను విలువలు ముందే లెక్కగట్టి పట్టికలో పెట్టుకుంటారు. అసలు టూంబ్ రైడర్ ఆడిన తొలి ప్లేస్టేషన్‌లోనూ ఒకటంటే 4096యే!

ప్రమాదం లేకపోలేదు. 12ని 12తో గుణించి చూడండి. లోపల అది 49,152 ఇంటూ 49,152, అంటే 241 కోట్లు దాటుతుంది. 32 బిట్లలో పట్టేది 214 కోట్లే. సంఖ్య పొంగి రుణాత్మకమవుతుంది, గుహ గోడ ఎగిరి ఎటో పోతుంది. అందుకని లబ్ధాన్ని 64 బిట్లలో ఇచ్చే గుణకార ఆదేశాన్ని వాడి, జరిపాకే 32కి కుదించాలి. ఎక్కడ ఏది వాడాలో తెలియడమే ఆ రోజుల్లో మొబైల్ ప్రోగ్రామర్ పనితనం.

నాకు ఇంతకన్నా ముచ్చటేసే ఎత్తు ఇంకోటుంది. అప్పటి ఫోన్ ప్లాట్‌ఫారాలు సింబియన్, బ్రూ, విండోస్ మొబైల్... దేని దారి దానిదే, ఒకే ఆటని ప్రతిదానికీ తిరగరాయాలి. కానీ మూత తీస్తే దాదాపు అన్నింట్లోనూ ఆర్మ్ ప్రాసెసరే. అలాంటప్పుడు ఆటని ఆర్మ్ కోడ్‌గా ఒక్కసారి కంపైల్ చేసి, ఒక్కో ఓఎస్‌కి ఒక చిన్న లోడర్ మాత్రం రాస్తే చాలదా? ఎయిర్‌ప్లే చేసిందదే. ఆ లోడర్ ఆటని మెమరీలో ఎక్కించి, తెర, మీటలు, శబ్దం అడిగినప్పుడల్లా స్థానిక ఓఎస్‌తో మాట్లాడుతుంది. ఆటకి తాను ఏ ఫోన్‌లో ఉందో తెలియదు.

ఐఫోన్ వచ్చాక మ్యాక్ కొనే స్తోమత లేని చిన్న స్టూడియోలకి ఎయిర్‌ప్లే వరమైంది, విండోస్‌లోనే ఐఫోన్ ఆట తయారుచేసుకునేవారు. 2010లో యాపిల్ తన నిబంధనలు బిగించి పరాయి భాషల టూల్స్‌ని అడ్డుకున్నప్పుడు కూడా సీ++ కాబట్టి తట్టుకుంది. 2011లో దాని పేరు మార్మలేడ్ అయింది. గేమ్ డిజైనర్ పీటర్ మాలిన్యూ ఆట గోడస్ దీంతోనే తయారైంది.

తర్వాత కథ త్వరగా ముగుస్తుంది. ఫోన్లలోకే ఫ్లోటింగ్ పాయింట్ హార్డ్‌వేర్ వచ్చేసింది. ఓఎస్‌లు పది నుంచి రెండుకి తగ్గాయి. పది రకాల ఫోన్లని ఒకటిగా చూపించే లోడర్‌కి అమ్మకానికి ఇంకేం మిగిలింది? ఈలోగా పోటీ ఇంజిన్ యూనిటీ బొమ్మల్ని మౌస్‌తో లాగి పేర్చే ఎడిటర్ ఇచ్చింది, 2013లో మొబైల్‌కి ఉచితం కూడా చేసింది. నన్నడిగితే యూనిటీ గెలుపు ఆ ఎడిటర్‌దే, ఇంజిన్‌ది కాదు. మార్మలేడ్ చివరిదాకా ప్రోగ్రామర్ల సరుకుగానే ఉండిపోయింది. 2016లో ఆ ఎస్‌డీకేని (డెవలపర్లకి అమ్మే టూల్‌కిట్‌ని) ఆపేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. మార్మలేడ్ గేమ్ స్టూడియో మాత్రం మోనోపలీ, క్లూడో లాంటి బోర్డు ఆటల్ని ఫోన్లలోకి తెస్తూ నడుస్తోంది.