బొమ్మ నిలబడితే గొంతు నడుస్తుంది

రాజమండ్రిలో ఇంటర్ చదివే కుర్రాడు జపాన్ యానిమే పెట్టుకు కూర్చుంటే పెద్దవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ బొమ్మేంట్రా, కత్తెత్తి అలాగే నిలబడిపోయింది?" న్యాయమైన ప్రశ్నే. జుట్టు ఎగురుతుంది, నోరు ఆడుతుంది, తక్కిన ఒళ్లంతా కొయ్యబారి ఉంటుంది.

దీని మూలం 1963 జనవరి 1న మొదలైన 'ఆస్ట్రో బాయ్' అనే టీవీ యానిమేలో ఉంది. మాంగా (జపాన్ బొమ్మల కథలు) గీసే ఒసాము తెజుకా దాన్ని వారం వారం అరగంట చొప్పున, అదీ బాగా తక్కువ ధరకి, టీవీకి చేసిపెడతానన్నాడు. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతుంది. డిస్నీవాళ్లు అందుకు మామూలుగా 12 బొమ్మలు, వేగం కావలసినచోట 24 గీసేవారు. తెజుకా బృందం ఒక్కో బొమ్మని మూడేసి ఫ్రేములు నిలిపి, సెకనుకు ఎనిమిదితోనో ఇంకా తక్కువతోనో నెట్టుకొచ్చింది. గీసిన బొమ్మలు దాచి మరో భాగంలో వాడుకున్నారు. మాటల సీన్లలో నోరొక్కటే మార్చారు. పరిగెత్తే మనిషిని అక్కడే ఉంచి వెనకున్న దృశ్యాన్ని లాగారు.

పొదుపు చేశారని ఎవరూ టీవీ ముందు కూర్చోరు కదా. బొమ్మ చెయ్యలేని పని గొంతూ సంగీతమూ నెత్తినేసుకున్నాయి. జపానుకి ఈ పద్ధతి పాతదే. 1930లలో సైకిల్ మీద వీధులు తిరుగుతూ, అట్టబొమ్మలు ఒకటొకటిగా మారుస్తూ కథ చెప్పే కమిషిబాయివాళ్లుండేవారు. మాంగా కళాకారుడు షిగేరు మిజుకి కొన్నాళ్లు ఆ బొమ్మలు వేసే బతికాడు. ఆయన గీసిన 'కితారో' అనే పాత్ర అక్కణ్ణుంచే మాంగాలోకీ, 1968లో టీవీ యానిమేలోకీ వెళ్లాడు.

ఆ మాటకొస్తే మనకీ కొత్త కాదండి. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకి పేరున్న ఊరు. తోలుబొమ్మ రావణుడికి కోపమొచ్చినా ఏడుపొచ్చినా అదే కన్ను, అదే మీసం. కీళ్ల దగ్గర చేతులాడతాయి, అంతే. కోపమంతా తెర వెనక ఆడించేవాడి గొంతులో, కాలికింద చెక్కల చప్పుడులో ఉంటుంది. కథ నడుమ జుట్టుపోలిగాడూ బంగారక్కా చొరబడి నవ్వించి పోతారు. కథ ఆగిపోయిందని ఎవరూ లేచి వెళ్లరు. 2025 సెప్టెంబరులో తెలుగులోనూ విడుదలైన 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' అనే యానిమే సినిమా కూడా పోరు మంచి పట్టులో ఉండగా ఆగి, అకాజా అనే రాక్షసుడు మనిషిగా ఉన్ననాటి బతుకు చెబుతుంది. పిల్లలు కన్నీళ్లు పెట్టుకునేది సరిగ్గా అక్కడే.

తొంభైల్లో మన ఇళ్లకొచ్చిన 'టీవీ గేమ్' డబ్బాలదీ ఇదే పొదుపు కథ. వాటిలో చాలావరకు నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్లు. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటోకే అది చాలదు. అందుకే అందులో ఆకాశంలోని మబ్బూ నేలమీది పొదా ఒకే బొమ్మ, రంగు మారుతుందంతే. మారియోకి మీసం ఎందుకంటారా? 1981లో 'డాంకీ కాంగ్' కోసం అతన్ని గీసినప్పుడు, ఉన్న కాసిని చుక్కల్లో నోరు గీయడం కుదరలేదు. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు.

ఇంత పొదుపు లేకుండా, ధారాళంగా కదిలే బొమ్మలతో జపాన్‌వాళ్లు రామాయణమే తీశారు. జపాన్ దర్శకుడు యుగో సాకో, మన యానిమేటర్ రామ్ మోహన్ కలిసి పనిచేసిన తొంభైల నాటి ఆ సినిమా 2025 జనవరి 24న తెలుగు మాటలతో మన థియేటర్లకొచ్చింది.

తెలుగు మాటల దగ్గర నాకో ఫిర్యాదుంది. బొమ్మ నిలబడి గొంతు నడిచే కళలో డబ్బింగంటే సగం సినిమాని మళ్లీ తీయడమే. కొన్ని డబ్బింగుల్లో రాక్షసుడూ, వాణ్ణి చంపేవాడూ, పక్కింటి పిల్లా ఒకే వార్తల తెలుగు మాట్లాడతారు. తెలుగు ట్రాక్ ఉన్నా జపాన్ గొంతే పెట్టుకుని, కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకునే కుర్రాణ్ణి నేను తప్పుపట్టను.