హాజరు పట్టీలో పేరుంది, బడిలో పిల్ల లేదు: కర్నూలు, కడప బస్తీల్లో చదువు ఆగిన అమ్మాయిలకు దారులేమిటి?

కర్నూలులో హంద్రీ ఒడ్డు బస్తీల్లో పొద్దున పదిన్నరకు నడిస్తే ఇళ్ల ముందు పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయిలు కనబడతారు. ఒకమ్మాయి బోకులు తోముతుంటుంది. ఇంకో అమ్మాయి తమ్ముణ్ణి చంకనేసుకుని ట్యాంకరు కోసం బిందెలు వరస పెడుతుంటుంది. ఏ తరగతి అని అడిగితే 'ఏడు' అని చెబుతారు. ఆఖరుసారి బడికి ఎప్పుడు పోయావంటే మాత్రం తల దించుకుంటారు. కడప శివారు కాలనీల్లోనూ ఇదే కనిపిస్తుంది. బడికి పోయి అడిగితే ఆ పేరు పట్టీలో ఉంటుంది. అంటే ప్రభుత్వ లెక్కలో ఆ పిల్ల చదువుతోంది. ఇంటి లెక్కలో పని చేస్తోంది.

పరిశోధన పని మీద ఈ రెండు నగరాల బస్తీల్లో తిరిగిన మాకు అర్థమైన మొదటి విషయం ఇదే. అమ్మాయి ఒకరోజు 'మానేస్తున్నా' అని చెప్పి బడి మానేయదు. వారంలో రెండు రోజులు, తర్వాత నాలుగు రోజులు, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. అది ఎవరి రికార్డులోకీ వెంటనే ఎక్కదు. ఎక్కే సరికి ఏడాది గడిచిపోతుంది. ఈ వ్యాసంలో ఆ అమ్మాయిలు ఎవరు, ఎందుకు ఆగారు, తిరిగి రావడానికి ఏ వయసుకు ఏ దారి ఉంది, అందులో కార్యకర్తలు, విద్యార్థులు చేయగలిగిందేమిటో వివరిస్తాం.

ఎవరీ అమ్మాయిలు?

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. మహిళల్లో అది సగానికి కాస్త తక్కువే. కడప జిల్లాలో మొత్తం 67 శాతం, మహిళల్లో 57 శాతం దాకా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. కర్నూలు నుంచి నంద్యాల వేరైంది, కడపలో కొంత భాగం అన్నమయ్య జిల్లాలోకి పోయింది. జిల్లా పేరు మారినంత మాత్రాన గేరి బతుకు మారలేదు.

బస్తీల్లో ఉండే కుటుంబాల్లో చాలా వాటి మూలం మెట్ట పల్లెల్లోనే ఉంది. వాన లేక, భూమి లేక, ఉన్న ఎకరా అప్పుకు పోయి పట్నం చేరారు. ఆడవాళ్లు ఇళ్లలో పనికి పోతారు, మగవాళ్లు బేల్దారి పనికో హమాలీకో పోతారు. మునిసిపాలిటీలో కసువు ఊడ్చే పని, కాలువలు తీసే పని చేసేవాళ్లలో దళితులే ఎక్కువ. పక్క వీధిలో అంతే పేద ముస్లిం కుటుంబాలుంటాయి. అమ్మ తెల్లవారుజామునే పనికి పోతే ఇల్లు నడిపేది పెద్ద కూతురే. ఆమె చేసే పనికి కూలి లేదు కాబట్టి దాన్ని ఎవరూ పని అనరు. కాని ఆమె ఆ పని చేయకపోతే అమ్మ కూలికి పోలేదు.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటుంది. అదే చట్టం బడి వేళలు అయ్యాక, సెలవుల్లో కుటుంబానికి సాయం చేయడాన్ని మాత్రం మినహాయించింది. బస్తీ అమ్మాయి విషయంలో ఆ 'సాయం' పొద్దున ఐదింటికి మొదలై బడి వేళను మింగేస్తుంది. తనిఖీకి వచ్చే అధికారి హోటలునూ గ్యారేజీనూ చూస్తాడు, వంటింట్లోకి తొంగి చూడడు.

ఎక్కడ తెగుతుంది?

చదువు తెగే చోట్లు నాలుగు కనబడతాయి.

మొదటిది, పెద్దమనిషి కావడం. ఫంక్షను కోసం ఇంట్లో కూర్చోబెట్టిన రోజులు వారాలవుతాయి. ఆ తర్వాత దూరం, దారిలో మగపిల్లలు, బడిలో నీళ్లు లేని మరుగుదొడ్డి, ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. 2021 అక్టోబరులో రాష్ట్రంలో మొదలైన 'స్వేచ్ఛ' పథకం కింద 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు నెలకు పది నాప్కిన్లు ఇవ్వాలన్నారు. అది అవసరమే. కాని మరుగుదొడ్డిలో నీళ్లు లేకపోతే నాప్కిన్ ఒక్కటే అమ్మాయిని బడిలో నిలపదు.

రెండోది, ఇల్లు మారడం. అద్దె కట్టలేక ఒక బస్తీ నుంచి ఇంకో బస్తీకి పోతారు. లేదంటే ఊరి బయట కాలనీలో ఇల్లు వస్తుంది. పాత బడి దూరమవుతుంది, కొత్త బడిలో టీసీ అడుగుతారు. ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వని ప్రైవేటు బడి సంగతి మేము ఒకటికి రెండు ఇళ్లలో విన్నాం. కాగితాలు పోవడం మరో బాధ. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు వేల ఇళ్లలో బియ్యంతో పాటు సర్టిఫికెట్లు కూడా కొట్టుకుపోయాయి. కాగితం లేని కుటుంబం ప్రతి కౌంటరు దగ్గరా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

మూడోది, పదో తరగతి. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడిన బడులు చాలా నెలల పాటు పూర్తిగా తెరుచుకోలేదు. స్మార్ట్ ఫోను లేని ఇంట్లో అది చదువే లేని కాలం. ఆ తర్వాత 2022లో జరిగిన పదో తరగతి పరీక్షల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 67.26 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు తప్పారు. తప్పిన అబ్బాయి పనిలోకి పోతాడు. తప్పిన అమ్మాయికి సంబంధం చూస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తప్పిన సబ్జెక్టుకూ ఈ అంకెకూ మధ్య దూరం చాలా తక్కువ.

నాలుగోది తరగతి గది. దీన్ని తల్లిదండ్రులు చెప్పరు, టీచర్లు ఒప్పుకోరు, అమ్మాయిలే చాలాసేపు కూర్చున్నాక చెబుతారు. గది ఊడ్చమని ఎవరిని పిలుస్తారు, ఎవరి నాన్న పనిని పేరుగా పెట్టి పిలుస్తారు, ముందు బెంచీ ఎవరిది అన్నవి చిన్న విషయాలు కావు. ఫారంలో 'చదువుపై ఆసక్తి లేదు' అని రాసే చోట చాలాసార్లు ఉన్నది అవమానం. ఆసక్తి లేదని రాస్తే తప్పు పిల్లది అవుతుంది. అవమానం అని రాస్తే బడిది అవుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

పద్నాలుగేళ్ల వరకు చదువు అనే మాట ఊరికే వచ్చింది కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఈ అంశాన్ని ప్రాథమిక విద్యకే పరిమితం చేయాలన్న సవరణ వచ్చింది. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని రాజ్యాంగమే చెబుతున్నప్పుడు, ఆ వయసు వరకు వాళ్లు బడిలో ఉండాలన్నది ఆయన వాదం. పని ఆగిన చోట చదువు ఉండాలన్న ఆ తర్కం ఇవాళ్టికీ మన బస్తీలకు సరిపోతుంది.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణ వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమలులోకి వచ్చింది. మధ్యలో మానేసిన పిల్లల కోసం ఆ చట్టంలో మూడు సెక్షన్లు గుర్తుంచుకోవాలి.

4వ సెక్షన్: మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనుకబడినందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ శిక్షణ కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా ఉండొచ్చు. ఇలా చేరిన పిల్ల 14 దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఉచితంగా చదువుకోవచ్చు.

5వ సెక్షన్: ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే హక్కు ఉంది. పాత బడి వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు.

14వ సెక్షన్: వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం కుదరదు.

ఈ మూడూ తెలియని తల్లి బడి గేటు దగ్గర 'కాగితాలు తెండి' అన్న మాట విని వెనక్కి వస్తుంది. తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉంటే ఆ సంభాషణ వేరుగా నడుస్తుంది.

ఏ వయసుకు ఏ దారి?

14 లోపు అమ్మాయికి దగ్గరి ప్రభుత్వ హైస్కూలే మొదటి దారి. ఇంట్లో ఉంటే చదువు సాగదనుకుంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఉంది. 2004లో మొదలైన ఈ పథకం కింద రాష్ట్రంలో 352 విద్యాలయాలున్నాయి. ఆరో తరగతి నుంచి హాస్టలుతో సహా ఉచితం. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అమ్మాయిలకు, మిగతావి దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు. అనాథలకు, బడి మానేసినవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది. పై తరగతుల్లో ఖాళీలుంటే మధ్యలోనూ తీసుకుంటారు. చిక్కేమిటంటే ఇవి ఎక్కువగా మండలాల్లో ఉన్నాయి. నగర బస్తీ తల్లికి వాటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. అంబేడ్కర్ గురుకులాల్లో ప్రవేశం ప్రధానంగా ఐదో తరగతిలో, ఇంటర్ మొదటి ఏట పరీక్ష ద్వారా జరుగుతుంది. ఏడులో ఆగిన అమ్మాయికి అది దాదాపు మూసిన తలుపే.

14 దాటిన అమ్మాయికి ఏపీ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. జనం ఓపెన్ స్కూల్ అంటారు. 14 నిండితే నేరుగా పదో తరగతి పరీక్షకు నమోదు కావచ్చు. కింది తరగతుల సర్టిఫికెట్ అక్కర్లేదు. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, పాసైనవి నిలిచి ఉంటాయి. అయితే ఒక హెచ్చరిక. ఓపెన్ స్కూల్ పుస్తకం ఇస్తుంది, కేంద్రంలో సెలవు రోజుల్లో తరగతులు చెప్పిస్తుంది. ఆరు, ఏడు తరగతుల్లో ఆగిన అమ్మాయికి అది చాలదు. పక్కన కూర్చుని లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్లు లేకపోతే నమోదు నమోదుగానే మిగిలిపోతుంది. 'డబ్బులిస్తే పాస్ గ్యారంటీ' అని తిరిగే దళారుల చేతిలో ఇలాంటి అమ్మాయిలే పడతారు.

పదో తరగతి తప్పిన అమ్మాయికి దారి అన్నిటికంటే దగ్గర. సప్లిమెంటరీ రాయొచ్చు. అప్పుడు పోతే మరుసటి ఏడు ప్రైవేటుగా రాయొచ్చు. 2023-24లో ప్రభుత్వం తప్పినవాళ్లను రెగ్యులర్ విద్యార్థులుగా తిరిగి చేర్చుకోవడానికి అనుమతించింది. అలాంటి వెసులుబాటు ఒక ఏడాది దయగా కాక ప్రతి ఏటా నియమంగా ఉండాలని అడగాలి.

కర్నూలు పత్తి చేలు నేర్పిన పాఠం

ఈ పని కొత్తది కాదు. 1991లో రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులతో పని మొదలుపెట్టిన ఎం.వి. ఫౌండేషన్ తర్వాత కర్నూలు పత్తి విత్తన చేలల్లోనూ పనిచేసింది. హైబ్రిడ్ విత్తనం కోసం పువ్వుకు పువ్వుకు చేత్తో క్రాసింగ్ చేసే పనిలో ఉన్నవాళ్లు ఎక్కువగా అమ్మాయిలే. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి వాళ్లను కట్టిపడేసేవారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

వాళ్ల పనిలో రెండు సంగతులు మనకు పనికొస్తాయి. ఒకటి, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న లెక్క. దాంతో ఇంటి పని చేసే అమ్మాయి కూడా లెక్కలోకి వచ్చింది. రెండు, వంతెన తరగతులు. పొలం నుంచి వచ్చిన పిల్లను నేరుగా ఏడో తరగతిలో కూర్చోబెట్టకుండా, కొన్ని నెలలు శిబిరంలో ఉంచి చదువు అందించి, ఆపై తన వయసు పిల్లల తరగతిలో చేర్చారు. విద్యా హక్కు చట్టంలోని ప్రత్యేక శిక్షణ వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. పల్లెలో అయితే ఏ ఇంటి పిల్ల బడికి పోలేదో ఊరంతటికీ తెలుసు. నగరంలో పక్కింటివాళ్లకు కూడా తెలియదు. కాబట్టి బస్తీలో మొదటి పని లెక్క తీయడమే.

మనం చేయగలిగింది

ముందు గడప గడపకూ తిరిగి 11 నుంచి 18 ఏళ్ల అమ్మాయిల జాబితా రాయాలి. 'చదువుతోందా' అని అడిగితే అందరూ అవునంటారు. 'నిన్న బడికి పోయిందా, మొన్న పోయిందా' అని అడగాలి. ఆ జాబితాతో వార్డు సచివాలయానికి పోవాలి. అక్కడ విద్య చూసే కార్యదర్శి, సంక్షేమం చూసే కార్యదర్శి, మహిళా పోలీసు ఉంటారు. బడుల ఆన్‌లైన్ రికార్డులో ఎక్కడా చేరని పిల్లలు 'డ్రాప్ బాక్స్'లో ఉంటారు. మన జాబితాలోని పేరు అక్కడ ఉందో లేదో చూడమని అడగాలి. బాల్యవివాహం ముంచుకొస్తుంటే 1098కి చెప్పాలి.

తర్వాత డబ్బు. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడిలో 75 శాతం హాజరు షరతు ఉండేది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనంలో ఒక్కో బిడ్డకు 15 వేలు. అందులో 13 వేలు తల్లి ఖాతాకు, 2 వేలు బడి నిర్వహణకు. ఇవన్నీ బడిలో ఉన్న పిల్లకు వచ్చేవి. మానేసిన పిల్ల తిరిగి చేరే రోజున ఇంట్లో పోయే కూలికి ఎవరూ లెక్క కట్టరు. 9, 10 తరగతుల ఎస్సీ విద్యార్థులకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. పారిశుద్ధ్య వృత్తుల్లోని కుటుంబాల పిల్లలకు వేరే స్కాలర్‌షిప్ ఉంది. చాలా ఇళ్లకు ఈ రెండోదాని పేరు కూడా తెలియదు. క్రైస్తవ కుటుంబాల్లో కుల ధ్రువపత్రం బీసీ-సీ అని వస్తే ఎస్సీ స్కాలర్‌షిప్ అందదు. ఈ ముడి ముందే తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, చేర్పించాక వదిలేయకపోవడం. తిరిగి పోయిన అమ్మాయికి మొదటి నెలన్నర చాలా కష్టం. తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవాలి, 'ఇన్నాళ్లు ఎక్కడికి పోయినావు' అన్న మాట పడాలి. ఆ రోజుల్లో సాయంత్రం ఒక గంట కూర్చుని చదివించే అక్క ఉంటే నిలబడుతుంది. డిగ్రీ, పీజీ చదివే దళిత విద్యార్థినులు ఒక్కొక్కరు ఇద్దరేసి అమ్మాయిల బాధ్యత తీసుకోవచ్చు. బస్తీ సంఘం చిన్నపిల్లలకు అంగన్‌వాడీ వేళలు అమ్మల పని వేళలకు కుదిరేలా అడగొచ్చు. తమ్ముణ్ణి చూసేవాళ్లు లేకుండా అక్కను బడికి పంపమనడం న్యాయం కాదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి స్పష్టం. నగర బస్తీ అమ్మాయిలకు దగ్గర్లో కస్తూర్బా తరహా హాస్టలు కావాలి. చట్టంలో ఉన్న ప్రత్యేక శిక్షణ కేంద్రాలు వార్డుల్లో తెరవాలి. వార్డుల వారీగా బడి బయటి అమ్మాయిల లెక్కను పేర్లు లేకుండా ప్రతి ఏటా బయటపెట్టాలి. 14 దగ్గర ఆగిన హక్కును 18 దాకా పొడిగించాలి.

1855లో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే అనే మాంగ్ అమ్మాయి తన కులం పడిన బాధల గురించి వ్యాసం రాసి అచ్చులో పెట్టింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు దాటలేదని చెబుతారు. హంద్రీ ఒడ్డున బిందెలు వరస పెడుతున్న అమ్మాయిదీ దాదాపు అదే వయసు. పట్టీలో ఆమె పేరు ఉంది. ఆమెను ఆ పేరు పక్కన కూర్చోబెట్టే పని మన బస్తీలో, మన వార్డులో ఈ వారమే మొదలుపెట్టొచ్చు.