వెనుక స్పీకరు ఎందుకు మూగబోయింది?

వార్షికోత్సవానికి వారం రోజుల ముందు మన టీవీ గదిలో ఎడమ పక్క వెనుక స్పీకరు పలకడం మానేసింది. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని కొనిచ్చిన హోమ్ థియేటర్ అది. ఆ మధ్యాహ్నమే ఏడో తరగతి తమ్ముడొకడు కుర్చీ ఎక్కి అక్కడ రంగు కాగితాలు కట్టాడు. ఇంకేముంది, "వీడే వైరు లాగేశాడు" అన్నారందరూ. అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ రాత్రి వాడు భోజనానికి రాలేదు. బజారులో రిపేరు షాపతను సెట్టు మూతైనా తీయకుండా "లోపల బోర్డు పోయింది, 1,800 అవుతుంది" అన్నాడు. వార్డెన్ సార్ మాత్రం "రెండు రోజులు మీరే చూడండి, కాకపోతే అప్పుడు డబ్బుల సంగతి ఆలోచిద్దాం" అన్నారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివిన మన సీనియర్ అన్న ఒకరు ఆదివారం మల్టీమీటరు పట్టుకుని వచ్చారు. ఆయన దగ్గరుండి మా చేత చేయించిన పనే ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా 5.1 అంటే ఏమిటో చూద్దాం. ముందు కుడి, ఎడమ, మధ్యలో సెంటర్, వెనుక రెండు, మొత్తం ఐదు. సబ్‌వూఫర్‌కు వెళ్లే ఛానల్‌లో సుమారు 120 హెర్ట్జ్ లోపు బరువు శబ్దాలే ఉంటాయి. మన చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది కదా, అందులో ఇది చిన్న ముక్క. అందుకే దాన్ని ఆరు అనకుండా .1 అన్నారు. 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్' సినిమాతో డాల్బీ డిజిటల్ పేరున ఈ పద్ధతి థియేటర్లకు వచ్చింది.

అన్న మొదట అడిగిన ప్రశ్న మాకు విచిత్రంగా తోచింది. "అసలు మీరు వేసిన పాటలో వెనుక శబ్దం ఉందా?" అన్నారు. ఎరుపు, తెలుపు రెండు పిన్నుల వైరులో వచ్చేది కుడి, ఎడమ శబ్దాలే. సెట్టు 'స్టీరియో'లో ఉంటే వెనుక రెండూ, సెంటరూ పలకవు. అది జబ్బు కాదు. కాబట్టి పాటతో కాకుండా రిమోట్‌లోని 'టెస్ట్ టోన్'తో చూడాలి. సెట్టే ఒక్కో స్పీకరుకు వంతులవారీగా 'షూ' అనే శబ్దం పంపుతుంది. మా సెట్టులో ఎడమ వెనుక వంతు వచ్చినప్పుడు మాత్రం నిశ్శబ్దం. అంటే లోపం నిజమే.

ఇక లోపం ఉండగలిగిన చోట్లు మూడే: స్పీకరు, వైరు, ఆంప్లిఫయర్. మూడింటినీ ఒకేసారి అనుమానిస్తే ఏదీ తేలదు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, మార్చే ముందు ప్లగ్గు పీకాలి. కుడి వెనుక స్పీకరు బాగా పలుకుతోంది గనుక దాన్ని తెచ్చి ఎడమ వైరుకు తగిలించాం. అదీ మూగబోయింది! పలికే స్పీకరు కూడా అక్కడ పలకలేదంటే తప్పు వైరులోనో ఆంప్లిఫయర్‌లోనో ఉన్నట్టు. అయినా అన్న మా నమ్మకం కోసం పాత స్పీకరునూ పరీక్షించి చూపారు. దాన్ని సెట్టు నుంచి పూర్తిగా విడదీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని దాని రెండు కొసలకూ క్షణం పాటు తాకించారు. 'టప్' మంది. మీటరు పెడితే 3.4 ఓములు చూపింది. వెనుక 4 ఓములని రాసి ఉన్న స్పీకరు మీటరులో కొంచెం తక్కువే చూపుతుంది, అది మామూలే. తీగచుట్ట తెగి ఉంటే ఏ అంకె రాకుండా మీటరు అలాగే ఉండిపోయేది.

తరువాత ఎడమ వైరు మొదలును సెట్టు వెనుక కుడి రంధ్రానికి మార్చాం. అక్కడి నుంచి కుడి స్పీకరు మామూలుగా పలుకుతుండేది. ఎడమ వైరుతో అక్కడా నిశ్శబ్దమే. అంటే బోర్డు బాగానే ఉంది, పోయింది వైరు!

చేత్తో తడుముతూ వైరు వెంట వెళ్లాం. కాగితాలు కట్టిన చోట చెక్కు చెదరలేదు. కిటికీ కింద బీరువా వెనుక, రంగు కాగితాలకు పది అడుగుల దూరంలో, ఎలుక కొరికిన చోటు దొరికింది. తమ్ముణ్ణి పిలిచి అది చూపించాం. "చెప్పాను కదన్నా" అన్నాడు, అంతే. మాకు తలెత్తి వాడి మొహం చూడబుద్ధి కాలేదు.

ఆ ముక్క కోసేసి కొత్త వైరు కలిపాం. మెలితిప్పినప్పుడు సన్నని తీగ ఒక్కటి బయటకు పొడుచుకుని పక్క తీగను తాకినా షార్ట్ అవుతుంది. మంచి సెట్లు అప్పుడు 'ప్రొటెక్ట్' అని చూపి ఆగిపోతాయి, కొన్ని నిజంగానే కాలిపోతాయి. అందుకే ఒక్కో అతుక్కూ విడిగా టేపు చుట్టాలి.

అన్నీ తగిలించి పాట పెడితే ఆరూ పలికాయి. మేం చప్పట్లు కొడుతుంటే ఆ తమ్ముడే, "అన్నా, పాడేవాళ్లు టీవీ దగ్గర లేరు, గది అంతా చెదిరిపోయినట్టున్నారు, డోలు కూడా పలచగా ఉంది" అన్నాడు. వెతికితే దుమ్ము తుడవడానికి తీసిన ముందు కుడి స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారు చేసి తగిలించాం. అలా చేస్తే ఒక స్పీకరు గాలిని ముందుకు తోసేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బరువు శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి, మధ్యలో వినిపించాల్సిన గొంతు చెదిరిపోతుంది. వైరు మీద గీత ఉన్న కొస ఎటో ముందే గుర్తు పెట్టుకుంటే ఈ తిప్పలుండవు. మా ఆరుగురిలో ఎవరికీ వినిపించనిది వాడికి వినిపించింది.

'గుయ్' మనే మోత వస్తే ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. మోత ఆగితే అది ఎర్త్ గొడవ, స్పీకరుది కాదు.

వైరుకూ టేపుకూ కలిపి 60 రూపాయలయింది. ఇప్పుడు వైరు కిటికీ పైనుంచి ప్లాస్టిక్ పట్టీలో పోతోంది. అన్న తన మల్టీమీటరు మనకే వదిలి వెళ్లారు, అది లైబ్రరీ బీరువాలో ఉంది. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవచ్చు. తాళం ఆ ఏడో తరగతి తమ్ముడి దగ్గరుంది.