పాత బండి.. సరైన ధర ఏది?
అమ్మేవారి రసీదు కాదు.. నేటి షోరూం ధరే కొలమానం

ఖాజాగూడ: ఉద్యోగం మారి వేరే నగరానికో, విదేశానికో వెళ్లేవారు దూరప్రయాణాల మోటారు సైకిళ్లను అమ్మకానికి పెట్టడం ఐటీ కారిడార్‌లో పరిపాటి. లక్షకు పైబడిన బేరం కావడంతో ఖాజాగూడ, రాయదుర్గం, నానక్‌రాంగూడ పరిసరాల్లో అద్దెకుండే యువకులు కూడబెట్టిన సొమ్మంతా ఇందులోనే పెడుతుంటారు. మెరుపు చూసి ధర ఒప్పుకొంటే పైన పటారం, లోన లొటారం అన్న చందమే అవుతుంది.

లెక్క ఇలా..

బీమా సంస్థలు బండి విలువ కట్టేందుకు పాటించే తరుగు పట్టిక కొనుగోలుదారుకూ అక్కరకొస్తుంది. రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు కలపని షోరూం ధరలో ఏడాది నుంచి రెండేళ్లలోపు బండికి 20 శాతం, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50 శాతం తగ్గిస్తారు. అయిదేళ్లు దాటినా, ఆ నమూనా తయారీ నిలిచిపోయినా విలువను పరస్పర అంగీకారంతో నిర్ణయిస్తారు.

ఉదాహరణకు నేడు షోరూంలో రూ.2.40 లక్షలున్న బండి మూడున్నరేళ్ల క్రితంది అనుకుందాం. 40 శాతం తరుగు పోగా రూ.1.44 లక్షలు మిగులుతుంది. టైర్లు, చైన్‌సెట్, బ్రేకులకు రూ.20 వేలు అవసరమైతే బేరం రూ.1.24 లక్షల వద్ద మొదలవ్వాలి. గిరాకీ ఉన్న నమూనాకు కొంత ఎక్కువ పలకవచ్చు. ఆ ఎక్కువకు సర్వీసు రికార్డు ఆధారంగా ఉండాలి.

పన్ను మారింది

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీలోపు మోటారు సైకిళ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించినవాటిపై 40 శాతానికి చేరింది. అందువల్ల 349 సీసీ బండిని 2024లో కొన్నవారు అప్పటి రసీదు చూపి ధర చెబితే అంగీకరించనక్కర్లేదు. కొత్తదే చవకైనప్పుడు పాతదీ దిగిరావాలి.

దూరం తిరిగిన గుర్తులు

కొండ దారుల్లో తిరిగిన బండికి మీటరు అంకె ఒక్కటే సాక్ష్యం కాదు. సర్వీసు పుస్తకంలోని కిలోమీటర్లతో దాన్ని సరిపోల్చాలి. ముందు ఫోర్కుల నుంచి నూనె కారడం, హ్యాండిల్ తిప్పితే కోన్‌సెట్ పట్టేయడం, రిమ్ము వంకర, ఛాసిస్‌పై కొత్తగా వేసిన రంగు గమనించాలి. టైరుపై నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. సామాను పెట్టెలు, అదనపు దీపాలకు అమ్మేవారు పెట్టిన ఖర్చంతా ధరలో కలపడం న్యాయం కాదు.

కాగితాలకూ ఖరీదుంది

వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తేవాలి. తెలంగాణలో జీవితకాల పన్ను చెల్లించాలి. ఆ మొత్తాన్ని బేరంలోనే తగ్గించుకోవాలి. అప్పు తీరినట్లు ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 తప్పనిసరి. పోలీసు ఈ-చలానా వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి పాత జరిమానాలూ చూసుకోవాలి.

ఇది అమ్మేవారికీ ముఖ్యమే. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. రికార్డుల్లో పేరు మారకుండా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. బండి, తాళాలు చేతులు మారినంత మాత్రాన బేరం ముగిసినట్లు కాదు. కొనేవారు బదిలీ పూర్తయ్యేవరకు కొంత మొత్తం నిలిపి ఉంచుతామని ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటే ఇద్దరికీ మేలు.